నోటి ఉపవాసం

అరబా ఎవుసివా తిట్టడం మొదలుపెడితే ఎసువానో రేవులో వలలు బాగుచేసుకునే మగవాళ్ళు పని ఆపి మరీ వినేవారు. ఆమె తిట్లలో ఉత్త బూతు ఉండేది కాదు. ఎదుటి మనిషి నడక, నవ్వు, వాళ్ళ తాత చేసిన తప్పు, వాళ్ళ పెళ్ళిలో మాడిపోయిన పులుసు అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి సరిగ్గా తమ చోట్లో కూర్చునేవి. తిట్లు తిన్నవాళ్ళే ఇంటికి వెళ్ళాక "మాట మాత్రం భలే అందుతుందిలే దానికి" అని ఒప్పుకునేవారు. చేపల కాలంలో గంపకు తక్కువ పోసే పడవ యజమానులూ, కేప్ కోస్ట్ పట్నం నుంచి లారీల్లో వచ్చి ధర కోసే బేరగాళ్ళూ ఆమె పొయ్యి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవారు. ఒడ్డున చేపలకు పొగపెట్టి బతికే ఆడవాళ్ళందరికీ ఆ నోరే దన్ను.

ఆ నోరే ఒకసారి సొంత మనిషిని కాల్చింది. అబా జాన్వా ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు. ఒక గంప చేపల దగ్గర మొదలైన తగువు పెరిగి పెరిగి, అబా ఎప్పుడో ఏడుస్తూ చెవిలో చెప్పుకున్న సంగతిని, ఆమె మొగుడు ఎవరి గడప తొక్కుతున్నాడో, ఇంటికొచ్చి ఏమని ఎత్తిపొడుస్తాడో, అంతా అరబా కుళాయి దగ్గర పదిమందిలో పెట్టేసింది. అబా సగం నిండిన బిందెనే ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ వారంలోనే పిల్లల్ని తీసుకుని తకోరాడిలో ఉన్న అక్క ఇంటికి చేరింది. అరబా వెతుక్కుంటూ అక్కడికి వెళ్తే తలుపు తీసి, మొహం చూసి, మళ్ళీ వేసేసుకుంది.

తిరిగి వచ్చాక ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ అరబా లేచి నిలబడింది. "నా నోటిని ప్రభువు చేతుల్లో పెట్టేస్తున్నాను. ఇక మీదట ఈ నోటితో మనిషిని తిట్టను. నా కోసం ప్రార్థన చెయ్యండి" అని ఏడ్చింది. సంఘమంతా ఆమేన్ అంది గానీ వెనక బెంచీల్లోంచి నవ్వులు వినపడ్డాయి.

ఊరు దానికి 'నోటి ఉపవాసం' అని పేరు పెట్టింది. అందరికన్నా ఎక్కువ ఆట పట్టించింది ఎకువా బెంచివా. ఆమె అరబాకి ఆడపడుచు, పక్క పొయ్యి ఆమెదే.

"ఏం వదినా, ఉపవాసం ఎప్పుడు విడుస్తావ్? ఈస్టరుకా, ఇంకా ముందేనా?"

"నువ్విలా గిల్లుతూ ఉంటే ఈ సాయంత్రానికే విడిచేలా ఉన్నాను."

"విడువమ్మా విడువు! నీ తిట్లు వినక ఊళ్ళో జనానికి అన్నం సయించట్లేదు."

నవ్వులాట సంగతి అలా ఉంచితే, మొదటి నెలలు అరబాకి నరకంలాగే గడిచాయి. కోపం వచ్చినప్పుడల్లా పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ముద్ద ఒకటి నోట్లో కుక్కుకునేది. కళ్ళు ఎర్రబడితే పొగ అని చెప్పుకునేది. మొదటి మాటను ఆపగలిగితే మిగతావి ఆగుతాయనీ, మొదటిది దాటిందా, ఇక వెనకవి వల లాగినట్టు వచ్చేస్తాయనీ మెల్లగా తెలుసుకుంది. ఒకటి రెండుసార్లు జారింది కూడా. జారిన ప్రతిసారీ ఆ మనిషి ఇంటికి నడిచి వెళ్ళి క్షమించమని అడిగింది. అది మరీ కష్టం. అలా అడగాల్సి వస్తుందన్న భయమే కొన్నాళ్ళు ఆమె నాలుకను పట్టి ఉంచింది. తర్వాత్తర్వాత భయం లేకుండానే ఆగడం వచ్చింది. అప్పటికి జనం నవ్వడం మానేశారు.

అలాంటి రోజుల్లో ఎబో ఎసిల్ఫీ కన్ను పొయ్యిల నేల మీద పడింది.

ఎసిల్ఫీకి పడవలున్నాయి, మంచుగడ్డల గది ఉంది, గుడిలో మొదటి బెంచీ ఉంది. సంఘపెద్ద. గుడి పైకప్పు రేకులు ఆయన ఇచ్చినవే. అరబా కొడుకు కోబినాని అల తీసుకుపోయింది కూడా ఆయన పడవ మీద వేటకి వెళ్ళినప్పుడే. అలలు అందని ఎత్తులో, కొబ్బరి చెట్ల కింద, వాళ్ళ అమ్మమ్మల నాటి నుంచీ ఆడవాళ్ళు మట్టి పొయ్యిలు పెట్టుకున్న చోట తను లాడ్జి కడతానన్నాడు. రాజధాని అక్రా నుంచి సెలవులకొచ్చే షోకు మనుషులు సముద్రం చూస్తూ బీరు తాగడానికి. ఆడవాళ్ళు ఉప్పు మడుగు వెనక్కి పొమ్మన్నాడు. వానాకాలంలో అక్కడ మోకాలి లోతు నీళ్ళు.

ఆ మాట వినగానే ఆడవాళ్ళందరూ అరబా వాకిట్లో వాలారు.

"వదినా, ఇక చాలు. రేపు వాడి మంచుగది ముందు నిలబడి మొదలుపెట్టు. వాడి మొదటి పెళ్ళాం ఎందుకు పారిపోయిందో అక్కడ మొదలుపెట్టు" అంది ఎకువా.

"వస్తాను. మాట్లాడతాను. తిట్టను" అంది అరబా.

"తిట్టకుండా ఏం మాట్లాడతావే? ఎసిల్ఫీకి భయమంటే ఒక్క నీ నోటికే!"

"నేను మాటిచ్చాను ఎకువా."

"ఇచ్చావులే! దేవుడు నీ నోటికి తాళం వేస్తే, తాళంచెవి తీసుకెళ్ళి ఎసిల్ఫీ జేబులో పడేసినట్టున్నావ్!"

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు. అరబా అరుగు మీదే కూర్చుండిపోయింది. తన బాగు కోసం తీసుకున్న నిర్ణయం తన వాళ్ళ మెడకి చుట్టుకుంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. తిట్టి వీళ్ళ పొయ్యిలు కాపాడితే దేవుడు మాత్రం కాదంటాడా అనిపించింది. కానీ కుళాయి దగ్గర అబా మొహం గుర్తొచ్చింది. ఆ రోజు కూడా తను చేస్తున్నది న్యాయమనే అనుకుంది.

మర్నాడు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని రేవుపెద్ద దగ్గరికి వెళ్ళింది. రేవు తగువులన్నీ ఆ ముసలాయనే తీరుస్తాడు. ఇరుపక్షాలనీ కూర్చోబెట్టి వింటానన్నాడు ఆయన. ఆ లోపు ఎవరూ పొయ్యిలు ముట్టుకోకూడదు, ఎవరూ నోరు జారకూడదు అన్నాడు. ఆ తీరంలో పెద్దమనిషిని తిట్టినవాళ్ళు గొర్రెనీ జిన్ను సారా సీసానీ తప్పు కింద కట్టాలి. అంతకన్నా పెద్ద సంగతి, తిట్టిన పక్షం మాటకి పెద్దల ముందు ఇక విలువుండదు.

ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు ఆత్మ ఫలాల మీద ప్రసంగించారు. వాటిలో చివరిదైన ఆశానిగ్రహం దగ్గరికి వచ్చేసరికి వేలు చాపి చూపించారు.

"సహోదరి అరబాని చూడండి. ఒకప్పుడు ఈ రేవుకే నిప్పుకణిక. ఈ రోజు గొర్రెపిల్ల. నేల కోసం, పొయ్యిల కోసం గొంతు చించుకుంటున్న స్త్రీలారా, ఈమెను చూసి నేర్చుకోండి. నోరు మూసుకోవడమే నిగ్రహం. పెద్దలు చెప్పింది వినడమే సాత్వికం."

మొదటి బెంచీలో ఎసిల్ఫీ మెల్లగా తల ఊపాడు. ఆడవాళ్ళ వైపు నుంచి అరబా వీపు మీద చూపులు గుచ్చుకున్నాయి. ఎన్నేళ్ళుగానో కుస్తీ పట్టి సంపాదించుకున్నదాన్ని ఎవరో వచ్చి, తనదే అన్నట్టు ఎత్తుకుపోతున్నట్టనిపించింది ఆమెకి. ప్రసంగం మధ్యలో లేచి నిలబడింది.

"అయ్యగారూ, అడ్డొస్తున్నందుకు క్షమించండి. నా నోరు ప్రభువుకి ఇచ్చాను. సంఘపెద్దకి ఇవ్వలేదు."

గుడిలో విసనకర్రలు ఆగిపోయాయి.

"సహోదరీ, కూర్చో..."

"కూర్చుంటాను. ఈ ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. తిట్టనన్నాను, మాట్లాడనని అనలేదు. చుక్కాని ఉంది కదా అని పడవ ఒడ్డున పడుండదు అయ్యగారూ. చుక్కాని ఉన్న పడవే సముద్రంలోకి పోతుంది. ఆ పొయ్యిలు మా అమ్మమ్మలవి. మేం కదలం. ఇది నేను కోపంగా చెప్పట్లేదు, చూడండి, నా గొంతు కూడా పెరగలేదు. కోపం లేకుండా చెప్తున్నాను కాబట్టి ఇంకా గట్టిగా వినండి."

కూర్చుంది. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. అంతలో ఎకువా బెంచివా తన బొంగురు గొంతుతో ఒక పాట ఎత్తుకుంది. ప్రసంగం మధ్యలో ఆడవాళ్ళు పాట ఎత్తుకుంటే ఆపే అధికారం ఆ గుడిలో ఏ అయ్యగారికీ లేదు. ఒక్కొక్కరే లేచి పాడారు, చప్పట్లు కొట్టారు, తెల్ల రుమాళ్ళు ఊపారు. ఆ వేళకి ప్రసంగం అక్కడే ఆగిపోయింది.

మంగళవారం నాడు ఆ తీరంలో ఎవరూ వేటకి పోరు. అది సముద్రానికి విశ్రాంతి రోజు. పడవల మీది మనుషులు ఖాళీగా ఉంటారు. ఎసిల్ఫీ తన పడవ మనుషుల్ని వెంటేసుకుని గుంజలతో, తాళ్ళతో, సమ్మెటలతో పొయ్యిల దగ్గరికి వచ్చాడు.

"పొయ్యిలు ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోవట్లేదు. హద్దులు పాతుకుంటున్నాను, అంతే" అన్నాడు.

గుంజల్ని పొయ్యిల నడుమ, పొయ్యి గోడకి ఆనుకునేంత దగ్గరగా పాతించాడు. సమ్మెట దెబ్బ పడినప్పుడల్లా నేల అదిరి మట్టిగోడలు నెర్రెలిచ్చాయి. ఎకువా పొయ్యి అంచు పెళ్ళ ఊడి పడింది. ఆడవాళ్ళు గోలగోలగా పరుగెత్తుకొచ్చారు. అరబా వచ్చి తన పొయ్యి గట్టు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"దిగు" అన్నాడు ఎసిల్ఫీ.

"దిగను పెద్దాయనా. మీ మనుషుల్ని తీసుకుని ఇంటికెళ్ళండి. విచారణలో కలుద్దాం."

"ఓహో! గుడిలో పాస్టరుకే పాఠం చెప్పిన పుణ్యాత్మురాలు! పరిశుద్ధాత్మ దిగొచ్చి నీ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తోందా?"

"నా కట్టెలు నేనే ఎగదోసుకుంటాను."

"ఆ నోరేదీ? ఎలక తినేసిందా? మొగుడి మీద లేచిన నోరు, సావాసగత్తెని ఊరొదిలించిన నోరు! దేవుడి పేరు చెప్పి దాచేస్తే మర్చిపోతామనుకున్నావా?"

ఆడవాళ్ళు కొందరు తల దించుకున్నారు. అరబా చెంపలు కాలాయి. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఎసిల్ఫీని చూస్తుంటే ఆమెకి ఒక సంగతి అర్థమైంది. ఆయన గుంజల వైపు చూడట్లేదు. తన నోటి వైపు చూస్తున్నాడు. ఎప్పుడు తెరుచుకుంటుందా అని, గాలం వేసినవాడు నీటిని చూసినట్టు చూస్తున్నాడు. ఒక్క తిట్టు చాలు. దాన్ని పట్టుకుని రేవుపెద్ద దగ్గరికి పరిగెత్తుతాడు.

"అవును, ఆ నోరు నాదే" అంది అరబా. "అది చేసిన పాపమూ నాదే. దానికీ మీ హద్దులకీ ఏంటి సంబంధం?"

ఎసిల్ఫీకి అది మింగుడు పడలేదు. సమ్మెట పట్టుకున్నవాళ్ళు కూడా ఆగి వింటున్నారు. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"నీ కొడుకు కోబినాని సముద్రం మింగిందని ఊరంతా అనుకుంటోంది. సముద్రం కాదే. వాడు నీ నోరు పడలేక నీళ్ళలోకి దూకాడు."

ఇదివరకటి రోజులైతే ఆ మాట ముగిసేలోపే అరబా గొంతు లేచేది, ఆయన గొంతు దాని మీద లేచేది, ఎవరేమన్నారో ఎవరికీ వినపడకుండా అంతా తగువులో కలిసిపోయేది. ఇప్పుడు ఎవరూ అరవలేదు. ఆయనన్న మాట ఆ ఎండలో అందరి ముందూ అలాగే నిలబడిపోయింది. అన్నవాడు కూడా దాన్ని వినాల్సి వచ్చింది.

అరబా లోపల మాత్రం నిశ్శబ్దం లేదు. తిట్లన్నీ ఒక్కసారి లేచాయి. ఎసిల్ఫీ తల్లి సంగతి, పారిపోయిన పెళ్ళాం సంగతి, ఆయన చిన్నప్పటి సంగతి, అన్నీ పదును పెట్టుకుని పళ్ళ వెనకదాకా వచ్చి నిలబడ్డాయి. పొయ్యి గట్టుని రెండు చేతులతో పట్టుకుంది. ప్రభువా, మొదటి మాట, మొదటి మాట ఒక్కటి ఆపు, అనుకుంది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ తీసుకుంది.

"ఇంకోసారి చెప్పండి పెద్దాయనా" అంది. "మీ మనుషులందరికీ వినపడేలా చెప్పండి. వాళ్ళంతా ఆ రోజు పడవలో ఉన్నవాళ్ళే కదా."

ఎసిల్ఫీ నోరు తెరిచేలోపే వెనక ఎవరో సమ్మెట ఇసకలో పడేసిన చప్పుడైంది.

పడేసింది ఎకో అనే పెద్ద వయసు మనిషి. ఆ పడవకి చుక్కాని పట్టేది అతనే. ముందుకొచ్చాడు గానీ యజమాని వైపు చూడలేదు, అరబా వైపూ చూడలేదు.

"పిల్లాడు దూకలేదు" అన్నాడు. "వల బండకి చిక్కుకుంది. అలలు పెద్దగా ఉన్నాయి, కోసేద్దామన్నాను నేను. ఫోన్లో అడిగితే ఈయన, వల లేకుండా ఒడ్డుకి రావద్దన్నాడు. ఈత బాగా వచ్చినవాడు కోబినా. దిగుతానన్నాడు, దిగాడు. ఇన్నాళ్ళూ నేను నోరు విప్పలేదు చెల్లెమ్మా. నాకు ఇంట్లో పిల్లలున్నారు. కానీ ఈ మాట విన్నాక..." అతను తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

అరబాకి ఈ సంగతి తెలియదు. అల తీసుకుపోయింది అని మాత్రమే చెప్పారు ఆమెకి. పొయ్యి గట్టు దిగి నిలబడింది. ఎకువా ఆమె భుజం పట్టుకుని చెవిలో అంది, "ఇప్పుడు తిట్టవే వదినా. ఇప్పుడు తిడితే దేవుడు కూడా ఏమీ అనడు. తిట్టు!"

ఎసిల్ఫీ ఎదురు చూశాడు. నిజానికి ఆ క్షణాన ఆమె తిడితే బాగుండుననే అనుకున్నాడేమో. తిడితే ఆయనకీ అరవడానికి ఒక దారి దొరికేది.

"ఎసిల్ఫీ" అంది అరబా. పెద్దాయన అనలేదు. "నువ్వు తిట్టు కోసం వచ్చావు. ఇవ్వను. ఖాళీ చేతులతో పో. నా కొడుకు సంగతి రేవుపెద్ద ముందు అడుగుతాను. ఇలాగే, ఇదే గొంతుతో అడుగుతాను. నువ్వు కూర్చుని మొత్తం వినాలి. ఈ గుంజలు పీకించు. మేం పొయ్యిలు వెలిగించుకోవాలి."

గుంజలు పీకమని ఎసిల్ఫీ చెప్పలేదు. ఎకో పీకాడు. తర్వాత మిగతావాళ్ళూ పీకారు. తాళ్ళు చుట్టి ఒక పక్కన పడేసి, యజమాని కోసం ఆగకుండా వెళ్ళిపోయారు. ఎసిల్ఫీ కాసేపు అక్కడే నిలబడి, తర్వాత తన నీడని తనే తొక్కుకుంటూ నడిచాడు. అరబా వంగి పొయ్యిలో కట్టెలు పేర్చింది. అగ్గిపుల్ల రెండుసార్లు గీసినా వెలగలేదు. ఎకువా ఆమె చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని వెలిగించింది. అప్పుడు అరబా నేల మీద చతికిలబడి ఏడ్చింది. గట్టిగా, సిగ్గు లేకుండా, రేవంతా వినేలా ఏడ్చింది. ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఆపమని ఎవరూ అనలేదు.

విచారణ రోజు ఆమె అన్నట్టే జరిగింది. ఒక్క మాట తూలకుండా అడగాల్సినవన్నీ అడిగింది. ఎకో సాక్ష్యం చెప్పాడు. నేల ఆడవాళ్ళదేననీ, మంచుగది దాటి ఎసిల్ఫీ ఒక్క గుంజ కూడా పాతకూడదనీ రేవుపెద్ద తీర్పిచ్చాడు. చనిపోయినవాడి మీద అబద్ధం ఆడినందుకు తల్లికి తప్పు చెల్లించుకోమన్నాడు. ఎసిల్ఫీ సంఘపెద్దగానే ఉన్నాడు, మొదటి బెంచీలోనే కూర్చున్నాడు. కానీ ఎకో ఇంకొకరి పడవ ఎక్కాడు, అతనితో మరికొందరూ వెళ్ళారు.

తప్పు కింద ఎసిల్ఫీ ఒక గొర్రెని పనివాడి చేత పంపించాడు. అరబా దాన్ని చూసి, తాడు మళ్ళీ పనివాడి చేతికే ఇచ్చింది.

"మీ అయ్యకి చెప్పు. గొర్రె ఇంత దూరం నడవగలిగినప్పుడు ఆయనా నడవగలడు. ఆయన్నే రమ్మన్నానని చెప్పు."

ఆ మాట మధ్యాహ్నానికల్లా రేవంతా తిరిగింది. అది తిట్టా కాదా అని మగవాళ్ళు వలల దగ్గర కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు. తిట్టు కాదనే తేల్చారు.

రెండు రోజులాగి అయ్యగారు పొయ్యిల దగ్గరికి వచ్చారు. చెప్పుల్లో ఇసక నిండి ఇబ్బందిగా నిలబడ్డారు.

"సహోదరీ, ఆ ఆదివారం నేను మాట్లాడింది... సరిగ్గా మాట్లాడలేదు. అది చెప్పడానికే వచ్చాను."

"మంచిది అయ్యగారూ."

"కానీ ఆ గొర్రెని తిప్పి పంపడం ఏమిటి? ఆ రోజు నువ్వు అంత నిగ్రహంగా నిలబడితే ఆయన్ని క్షమించేశావనుకున్నాను."

అరబా పొయ్యి మీది తీగల జల్లెడలో చేపల్ని ఒక్కొక్కటే తిరగేస్తోంది. చెయ్యి ఆపలేదు.

"క్షమించలేదు అయ్యగారూ. నోరు ఆపుకున్నాను, అంతే. రెండూ ఒకటి కాదు. నా కొడుకు సముద్రంలో ఉన్నాడు. రాత్రి పడుకుంటే వల లేకుండా రావద్దన్న మనిషి మొహమే కనిపిస్తుంది. మీరు చెప్పే ఫలాల్లో నాకు ఒకటి పండింది, అది కూడా ఎంత కష్టపడితే పండిందో ప్రభువుకి తెలుసు. ఇంకోటి పచ్చిగానే ఉంది. పచ్చికాయ కోసి మీ బల్ల మీద పెట్టమంటే పెట్టను."

అయ్యగారు వంగి చెప్పులోంచి ఇసక దులుపుకున్నారు. "మరి ఆయన నడిచి వస్తే?" అని అడిగారు.

"వస్తే కూర్చోమంటాను. తిట్టను. ఆ పైన ఏం జరుగుతుందో నాకూ తెలీదు." జల్లెడ ఎత్తి ఇంకో జల్లెడ మీద పెట్టింది. "అటు జరగండి అయ్యగారూ, గాలి తిరిగింది. పొగ మీ మొహం మీదికే వస్తోంది."